డ్రైవరు తలుపు మీద మీగడరంగు చుక్క

"ఆపకు. చెయ్యి ఆగిందంటే గీత కూడా ఆగిపోతుంది," అన్నాడు పెద్దాయన నా వెనక నుంచి.

నేనెక్కడ ఆపుతాను! ఊపిరే ఆపేశాను. సిమెంటు నేల మీద మోకాళ్ళు ఆనించి, కుడిచేతి చిటికెనవేలు రేకు పట్టీ అంచుకి తగిలీ తగలకుండా పెట్టి, పీతలాగా పక్కకి జరుగుతున్నాను. చేతిలో బ్రష్షు, బ్రష్షు మొనలో మీగడ రంగు. ఎదురుగా ముదురు ఆకుపచ్చ కారు. నాకంటే, మా ఆయనకంటే, మా అమ్మకంటే కూడా వయసులో పెద్దది. ముందు దీపం దగ్గర్నుంచి వెనక దీపం దాకా దాని ఒంటి పొడుగునా తళతళలాడే పట్టీ ఒకటుంది. పట్టీ మధ్యలో పెసరగింజ పట్టేంత గాడి. ఆ గాడి నిండా రంగు నింపుకుంటూ పోవాలి, వెంట్రుకవాసి కూడా బయటికి పొంగకూడదు.

"టేపు అంటించుకుంటే తేలిక కదా అంకుల్," అని మొదటిరోజే అడిగాను.

"టేపు లాగేటప్పుడు రంగు అంచు లేచొస్తుంది. ఈ కారు పుట్టినరోజున ఎవరో దీన్ని చేత్తో వేశారు. ఇప్పుడూ చేత్తోనే," అన్నాడాయన.

అంకుల్ అన్నానని మనవాళ్ళెవరో అనుకునేరు. అచ్చమైన ఐరిష్ మనిషి. ఐర్లండులో మేముండే కాజిల్‌బార్‌లో మా వరసలో చివరి ఇల్లు ఆయనది. పేరు పెట్టి పిలవమని ఎన్నిసార్లు చెప్పినా, డెబ్బై దాటిన మనిషిని పేరుతో పిలవడానికి నాకు నోరు రాలేదు. "నాకు తోడబుట్టినవాళ్ళే లేరు, అంకుల్ని ఎలా అయ్యాను?" అని మొదట్లో నవ్వేవాడు. తర్వాత తర్వాత నేను వట్టి హలో అని ఊరుకుంటే, "అంకుల్ ఏమైపోయాడు ఇవాళ?" అని ఆయనే అడిగేవాడు. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. నాది ఇంటర్ తప్పిన ఇంగ్లీషు, ఆయనది పెదాలు కదపకుండా మాట్లాడే ఈ మేయో జిల్లా ఇంగ్లీషు. ఇక్కడ రాస్తున్నది నాకు అర్థమైన పద్ధతిలో.

ఆయన కారు షెడ్డులోకి నేను మొదటిసారి వెళ్ళింది డ్రిల్లు మిషను తిరిగి ఇవ్వడానికి. మా ఆయన ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. గోడకి అల్మరా బిగించాలని ఆ మిషను అరువు తెచ్చి నెలరోజులు మంచం కింద దాచాడు. సిగ్గేసి నేనే పట్టుకెళ్ళాను. షెడ్డు తలుపు సగం తీసి ఉంది. పెద్దాయన చిన్న స్టూలు మీద కూర్చుని, కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని ఉన్నాడు. పట్టుకున్నా ఆ చెయ్యి వణుకుతూనే ఉంది. బ్రష్షు మొన నుంచి మీగడ రంగు బొట్టు ఒకటి నేల మీద పడింది. నేల నిండా అలాంటి బొట్లే. కొన్ని ఎండి దుమ్ముపట్టి ఉన్నాయి, కొన్ని ఇంకా తడిగానే ఉన్నాయి. ఎన్నాళ్ళ నుంచి ప్రయత్నిస్తున్నాడో మరి.

నన్ను చూడగానే చేతులు రెండూ కోటు జేబుల్లోకి పోయాయి.

నేను మాత్రం ఆయన్ని చూడటం మానేసి కారునే చూస్తున్నాను. అంత అందమైన బండిని అంత దగ్గర్నుంచి నేనెప్పుడూ చూడలేదు. పదకొండేళ్ళ క్రితం ఎవరో రైతు పొలంలో దొరికిందట. అప్పటికి అందులో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయట. ఇంజను విప్పి బిగించింది ఆయనే, సీట్లకి తోలు కుట్టింది ఆయనే, ఆకుపచ్చ రంగు పొర మీద పొర వేసి అరగదీసింది ఆయనే.

"పెళ్ళి చేసుకోలేదా అంకుల్?" అన్నాను, ఏదో ఒకటి అడగాలి కదా అని.

"తీరికేదీ? కారుంది కదా," అన్నాడు.

మిగిలినవి రెండే పనులు. పట్టీ గాడిలో రంగు, వెనక దీపాల గ్లాసులు. గీతలు గీయడమంటే ఆయనకి చాలా ఇష్టమట. చిన్నపిల్లలు జిలేబీ చివరికి దాచుకున్నట్టు ఆ పని చివరికి దాచుకున్నాడు. ఈలోగా చేతులు వణకడం మొదలుపెట్టాయి.

"ఆదివారానికి రెండు వారాలే ఉంది," అన్నాడు. ఆ ఆదివారం ఈ చుట్టుపక్కల పాత కార్లవాళ్ళందరూ కలిసి సముద్రం దాకా వెళ్ళొస్తారు. ఏటా వెళతారు, ఏటా ఈయన వాళ్ళతో ఎవరి కార్లోనో కూర్చుని వెళ్ళేవాడు. ఈసారి తన కారు తనే నడపాలని. మరుసటి మంగళవారం పెద్ద డాక్టరుకి చేతులు చూపించాలి. అక్కడిదాకా పగటిపూట కొద్దిదూరం నడుపుకోవచ్చని జీపీ, అంటే ఇక్కడి మామూలు డాక్టరు, చెప్పాడు. మంగళవారం తర్వాత లైసెన్సు ఉంటుందో ఊడుతుందో తెలీదు. "ఒక్కసారి నడిపితే చాలు. కానీ సగం పనితో నడపను," అన్నాడు.

"మా నాన్న లారీలకి గీతలు గీస్తాడు," అన్నాను నేను. ఎందుకన్నానో తెలీదు. నోరు ముందు పుట్టి తర్వాత నేను పుట్టానని మా ఆయన ఊరికే అనడు.

నిజంగానే మా నాన్నది అదే పని. బెజవాడ ఆటోనగర్‌లో లారీ తలుపుల మీద నెమళ్ళూ, వెనక అక్షరాలూ, చుట్టూ గీతలూ వేస్తాడు. బడి లేని రోజుల్లో నేను రంగు డబ్బా పట్టుకుని వెనకే తిరిగేదాన్ని. పదో తరగతికల్లా చిన్నబళ్ళకి గీతలు నాకే వదిలేసేవాడు. ఇక్కడికి వచ్చేటప్పుడు ఉడత తోక వెంట్రుకలతో చేసిన తన బ్రష్షు ఒకటి ఆవకాయ సీసాకి పక్కన పెట్టి పంపాడు. దేనికని అడిగితే, "ఉంచుకో, చేతికి గుర్తుంటది," అన్నాడు. రెండేళ్ళుగా అది సూట్‌కేసులోనే ఉంది. నేను ముసలివాళ్ళ హోమ్‌లో కేరర్‌గా చేస్తున్నాను. గీతలతో నాకేం పని?

నేను గీస్తానంటే పెద్దాయన వెంటనే ఒప్పుకున్నాడనుకుంటున్నారా? అబ్బే. ముందు గ్లాసులు ఇచ్చాడు. ప్లాస్టిక్కే, కానీ ఆటోనగర్‌లో మేం గ్లాసులనే అంటాం. ఎర్రవి రెండు. ఎండకీ వానకీ మసకబారిపోయి, కంటికి పొర వచ్చినట్టున్నాయి. కొత్తవి దొరకవట. వాటర్ పేపరనే గరుకు కాగితం, ఓ గిన్నెలో నీళ్ళు ఇచ్చి రుద్దమన్నాడు.

రుద్దాను. రుద్దేకొద్దీ తెల్లగా అయిపోయింది. ఉన్న ఎరుపు కూడా పోయి పాలు కలిపినట్టయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"అంకుల్, పాడుచేసేశాను!"

వచ్చి చూశాడు. "ఇంకా పాడవ్వాలి," అన్నాడు తాపీగా. "ఇప్పుడు దీనికంటే మెత్తటి కాగితం తీసుకో."

దానికంటే మెత్తటిది, దానికంటే ఇంకా మెత్తటిది. ఆఖరి కాగితం చేతికి గుడ్డలాగే ఉంది. డ్యూటీ అయిపోయాక రోజూ గంట చొప్పున నాలుగు రోజులు రుద్దాను. అయిదో రోజు పాలిష్ పేస్టు గుడ్డమీద వేసుకుని గుండ్రంగా తిప్పుతుంటే, ఉన్నట్టుండి లోపల ఏదో కదిలినట్టయింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి పైకెత్తాను. ఆ రోజు మేయోలో ఎండ వచ్చింది, అదే పెద్ద వింత. గ్లాసు లోపల బత్తాయి తొనల్లాగా సన్నసన్నని పలకలు, వందల కొద్దీ ఉన్నాయి. ప్రతి పలకా వెలుగును విరిచి పక్కదానికి అందిస్తోంది. నా అరచెయ్యి మొత్తం గోరింటాకు పండినట్టు ఎర్రగా అయిపోయింది. చెయ్యి తిప్పితే ఎరుపు మణికట్టు మీదికి పాకింది.

నాకు ఒళ్ళు ఝల్లుమంది. బండి వెనక, బురద పడే చోట, ఎవరూ ఆగి చూడని చోట, ఇంత పని దాచిపెట్టి ఉంచారా అని. చిన్నప్పటి నుంచి లారీల వెనకే పెరిగాను. వాటి దీపాల లోపలికి ఒక్కసారి కూడా చూడలేదు.

"చూశావా?" అన్నాడాయన.

"చూశాను అంకుల్."

"గ్రాండ్," అన్నాడు. గ్రాండ్ అంటే ఇక్కడ మహా గొప్పగా ఉందని కాదు, ఫర్వాలేదని. కానీ ఆ రోజు ఆయన గొంతులో అది అసలు అర్థంలోనే వినిపించింది నాకు. మర్నాడు మా నాన్న బ్రష్షు పట్టుకురమ్మన్నాడు.

అప్పుడు కూడా నేరుగా కారు మీద కాదు. గోడకి ఆనించి ఉన్న తుప్పుపట్టిన పాత బానెట్టు మీద అయిదు రోజులు గీయించాడు. ఒకసారి నాన్నకి వీడియో కాల్ చేసి బానెట్టు చూపించాను. నాన్నకి ఇంగ్లీషు రాదు, ఈయనకి తెలుగు రాదు. ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు. నాన్న బ్రష్షు పట్టినట్టు వేళ్ళు పెట్టి చూపిస్తే, ఈయన తల ఊపి జేబులోంచి చెయ్యి తీసి అలాగే పెట్టి చూపించాడు. వణుకుతూనే. దాన్ని నాకు చూపించని మనిషి నాన్నకి చూపించాడు.

"పెద్దాయనకి చేతిపని తెలుసే అమ్మలూ," అన్నాడు నాన్న. "జాగర్తగా చెయ్యి."

శుక్రవారం ఎడమవైపు పూర్తయింది. మధ్యలో ఒకచోట గీత వెంట్రుకంత లావైందని మూడుసార్లు తుడిపించాడు. కళ్ళజోడు పెట్టుకుంటే నాకు కనిపించలేదు, తీసేస్తే అసలే కనిపించలేదు. ఆయన మాత్రం వేలు పెట్టి, "ఇదిగో ఇక్కడ," అన్నాడు. పదకొండేళ్ళు ఇలాగే చేసి ఉంటాడు కాబోలు, ఒక్కో మేకు దగ్గర, ఒక్కో కుట్టు దగ్గర. భయభక్తులంటారు చూడండి, ఆ రెండూ ఒకేసారి కలిగాయి నాకు ఆ మనిషంటే.

ఇప్పుడు మొదట చెప్పిన చోటికి వచ్చాం. శనివారం మధ్యాహ్నం. కుడివైపు, అంటే డ్రైవరు వైపు. ముందు దీపం నుంచి మొదలుపెట్టి, ముందు తలుపు దాటి, వెనక తలుపు దాటి, చివరి మూరెడు. పీతలా జరుగుతూ, ఊపిరి బిగబట్టి. గాడి చివర వెనక దీపం పక్కనే ఆగుతుంది. అక్కడికి వచ్చాను. బ్రష్షు మెల్లిగా పైకి లేపాను. గీత అయిపోయింది. ఒక్క అంచు కూడా పొంగలేదు.

వెనక ఆయన ఊపిరి వదలడం వినిపించింది. నేనూ వదిలాను.

అప్పుడు నా చెయ్యి, నేను చెప్పకుండానే, మళ్ళీ ముందుకి వెళ్ళింది. బ్రష్షు మొనలో మిగిలిన రంగుతో గీత కింద, అద్దంలా మెరిసే ఆకుపచ్చ రంగు మీద, ఒక చుక్క పెట్టింది.

షెడ్డులో గడియారం చప్పుడు వినపడింది. అక్కడ గడియారం ఉందని అంతవరకూ నాకు తెలీదు.

"ఏంటది?" అన్నాడాయన.

పక్కనున్న గుడ్డ లాక్కుని తుడవబోయాను.

"ముట్టుకోకు!" అని ఒక్క అరుపు అరిచాడు. ఆయన అరవడం అదే మొదటిసారి. నా చేతిలోది థిన్నర్‌లో ముంచిన గుడ్డ, పట్టీ రేకు శుభ్రం చెయ్యడానికి పెట్టుకున్నది. అది తగిలితే చుక్కతోపాటు కింద ఆకుపచ్చ రంగు కూడా ఊడొచ్చేది. ఆయనే మెత్తటి బట్ట టర్పెంటాయిల్లో తడిపి నాకిచ్చి, దగ్గర నిలబడి, ఎలా అద్దాలో, ఎటు లాగాలో చెప్పాడు. చుక్క పోయింది. చోటు మళ్ళీ అద్దంలా అయింది.

"ఎందుకు పెట్టావు?"

చెప్పాను. ఏడుస్తూ చెప్పాను కాబట్టి ఇంగ్లీషు ఇంకా పాడైంది. లారీకి గీతలన్నీ అయ్యాక చివర ఒక దిష్టి చుక్క పెడతాం అంకుల్. బండి మరీ అందంగా ఉంటే చూసేవాళ్ళ కళ్ళు దానికి తగులుతాయని నమ్మకం. చుక్క ఉంటే కళ్ళు చుక్క మీదికి పోతాయి, బండి క్షేమంగా ఉంటుంది. మేం చర్చికి వెళ్ళేవాళ్ళం, మా ఇంట్లో అలాంటివి లేవు. కానీ చుక్క లేకపోతే ఓనరు బండి కదపడు. ఆ చుక్క పెట్టే పని ఊహ తెలిసినప్పటి నుంచీ నాదే. నాన్న బ్రష్షు నా చేతికిచ్చి, పెట్టమ్మలూ అనేవాడు. ఇవాళ ఎవరూ చెప్పలేదు, చెయ్యే పెట్టేసింది.

ఆయన హీటరు కారు వైపు తిప్పి, "చలిలో రంగు ఆరదు. రాత్రంతా ఇది ఉండాలి," అన్నాడు. అంతే. థాంక్స్ అని చెప్పాడు, కానీ కిటికీ వైపు చూస్తూ చెప్పాడు.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. నైట్ డ్యూటీకి వెళ్ళేముందు కూరలో గరిటె తిప్పుతూ విన్నాడు.

"నయం, నెమలిని వెయ్యలేదు," అన్నాడు.

"నవ్వొద్దండీ. పదకొండేళ్ళ పని. చుక్క పెట్టేశాను."

"తుడిచేశావుగా?"

"తుడిచాను. ఆయన మొహం ఎలా అయిపోయిందో మీరు చూడలేదు."

"చూశాలే, రోజూ చూస్తాను," అన్నాడు ఈసారి నవ్వకుండా. "మా వార్డులో అలాంటి చేతులున్నవాళ్ళుంటారు. చెంచా పట్టుకోమంటే ముందు చుట్టూ చూస్తారు, ఎవరన్నా చూస్తున్నారా అని. ఆయన బాధ నీ చుక్క గురించి కాదే. రేపటి గురించి."

మర్నాడు ఆదివారం ఏడింటికి తలుపు చప్పుడైంది. నేను నైటీ మీద మా ఆయన జాకెట్ వేసుకుని తీశాను. పెద్దాయన. కోటు, టై, నున్నగా గీసుకున్న గడ్డం, గడ్డం మీద రెండుచోట్ల తెగి అంటించిన కాగితం ముక్కలు. చేతిలో మా నాన్న బ్రష్షు. నిన్న అక్కడే వదిలేసి వచ్చాను.

"మరిచిపోయావు," అన్నాడు. ఇచ్చి వెళ్ళిపోలేదు. అక్కడే నిలబడ్డాడు.

"టీ తాగుతారా అంకుల్?"

"మా అమ్మ కొత్తగా పుట్టిన దూడ తోకకి ఎర్రగుడ్డ పీలిక కట్టేది," అన్నాడు. "ఎవరి కన్నూ పడకూడదని. నేను నవ్వేవాణ్ణి."

నేను తలుపు పూర్తిగా తీశాను.

"ఇవాళ అక్కడికి నలభై మంది దాకా వస్తారు. అందరూ నాకు తెలిసినవాళ్ళే. నేను కారు దిగేటప్పుడు వాళ్ళు ముందు నా చేతులు చూస్తారు." టై సవరించుకున్నాడు. "చుక్క పెడితే కళ్ళు దాని మీదికి పోతాయన్నావు కదా."

"అవునంకుల్."

"అయితే డ్రైవరు తలుపు మీద పెట్టు. నేను దిగే చోట. బాగా కనపడాలి."

నేను అలాగే చెప్పుల్లేకుండా ఆయన వెనక నడిచాను. షెడ్డు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. పొద్దుటి వెలుగులో కారుని పూర్తిగా, రెండు వైపులా గీతలతో, గ్లాసులు బిగించి చూడటం అదే మొదటిసారి. ఇంత బాగా ఉన్నదాని మీద మచ్చ పెట్టమంటున్నాడు. వెంట్రుకంత లావుకి మూడుసార్లు తుడిపించిన మనిషి.

మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆయన రంగు డబ్బా మూత తీయబోయి, వేళ్ళు నిలవక, నాకు అందించాడు. దాచకుండా అందించాడు. నేను తీశాను. చిటికెనవేలు పట్టీ మీద ఆనించాను. తలుపు పిడి కింద, గీతకి బెత్తెడు దిగువన, శనగగింజంత చుక్క పెట్టాను. నిన్నటిది ఆవగింజంత. ఇది కావాలని పెట్టింది.

"గ్రాండ్," అన్నాడు.

నేను మా గుమ్మం దగ్గరికి చేరేసరికి కారు బయటికి వచ్చి మా ఇంటి ముందు నుంచి మెల్లగా వెళ్ళింది. మా ఆయన గడప దగ్గర అన్నం తింటున్న పళ్ళెంతోనే వచ్చి నిలబడ్డాడు. నైట్ డ్యూటీ చేసి వచ్చిన మనిషి. వీధి చివర మలుపులో ఎదురుగా ఏ బండీ లేదు. అయినా పెద్దాయన బ్రేకు నొక్కాడు. రెండు గ్లాసులూ ఒక్కసారి భగ్గున ఎర్రబడ్డాయి. మళ్ళీ ఒకసారి నొక్కాడు, నాకోసమే.

నేను చెయ్యి ఊపాను. చేతిలో బ్రష్షు ఉందన్న సంగతి మరిచిపోయాను. మీగడ రంగు జాకెట్ మీదా, మా ఆయన పళ్ళెంలోనూ పడింది.